గుడ్డికన్న మెల్ల మేలా?
(ఫ్రాన్సు దేశపు 2002 అధ్యక్ష ఎన్నిక – ఒక పరిశీలన)

"గుడ్డికన్న మెల్ల మేలు" అన్నది మన సామెత. రెండు కీడులలో ఒకటి తప్పనిసరి అయినపుడు స్వల్పమైన దానినే స్వీకరింపవలెనని ఇస్లామీయ న్యాయశాస్త్రము కూడ చెప్పుచున్నది. ఉస్మానీ తుర్కీ ప్రభుత్వము 19వ శతాబ్దిలో క్రోడీకరించిన 'మజల్లా' అను పౌరస్మృతిలో ఇది 29వ సూత్రము. కనుక మన కళాశాలలోని ఉర్దూ, తెలుగు విద్యార్థులకు ఉభయులకును ఈ భావము పరిచితమే. అయితే సూత్రము చెప్పుట సులభము, ఆచరించుట కష్టము. ఎన్నికలో మిగిలిన ఇద్దరిలో ఎవరును మనసునకు నచ్చనపుడు, "దొందూ దొందే" అని ఇంట కూర్చుండవలెనా? ముక్కు మూసికొని ఒకరికి ఓటు వేయవలెనా? ఈ ప్రశ్నకు ఫ్రాన్సు దేశమున 2002లో జరిగిన అధ్యక్ష ఎన్నిక చక్కని పాఠ్యాంశము. దానిని ఈ వ్యాసమున పరిశీలింతుము.

ముందుగా ఆ దేశపు ఎన్నిక విధానమును తెలిసికొనవలెను. ఫ్రెంచి అధ్యక్షుని ప్రజలే నేరుగా ఎన్నుకొందురు. 1962లో రాజ్యాంగమును సవరించి ఏర్పరచిన ఈ పద్ధతి 1965లో తొలిసారిగా అమలులోనికి వచ్చినది. మొదటి విడతలో ఎవరికిని సగమునకు మించి ఓట్లు రానిచో, మొదటి రెండు స్థానములలో నిలిచిన వారికి మాత్రమే రెండు వారముల పిదప మరల పోటీ జరుగును. మొదటి విడతలో హృదయముతోను, రెండవ విడతలో బుద్ధితోను ఓటు వేయుదురని అచట వాడుక.

2002 ఏప్రిల్ 21న జరిగిన మొదటి విడతలో 16 మంది అభ్యర్థులు నిలిచినారు. అప్పటి అధ్యక్షుడు జాక్ షిరాక్, ప్రధానమంత్రియైన సోషలిస్టు నాయకుడు లియొనెల్ జోస్పాన్, ఈ ఇరువురే రెండవ విడతకు చేరుదురని ఎల్లరును తలచినారు. ఆ నమ్మకముతోనే వామపక్ష అభిమానులు తమ ఓట్లను అనేక చిన్న పక్షములకు పంచిపెట్టినారు. ఓటర్లలో 28 శాతమునకు పైగా ఇల్లు కదలలేదు. ఫలితము వెలువడినంతనే దేశము నివ్వెరపోయినది. షిరాక్‌కు 19.88 శాతము, నేషనల్ ఫ్రంట్ నాయకుడు జాన్ మరీ లె పెన్‌కు 16.86 శాతము, జోస్పాన్‌కు 16.18 శాతము ఓట్లు వచ్చినవి. రెండవ, మూడవ స్థానముల నడుమ అంతరము రెండు లక్షల ఓట్లయినను లేదు. జోస్పాన్ మంత్రివర్గములో పనిచేసిన షెవెన్మాన్ ఒక్కరే వేరుగా నిలిచి 5.33 శాతము ఓట్లు పొందినారు. చీలిన ఇంటికి చూరు నిలువదన్నట్లు, వామపక్షము రంగము నుండియే తొలగిపోయినది.

ఇక మిగిలిన ఇరువురి దోషములను తూచి చూతము. షిరాక్ 1977 నుండి 1995 వరకు పారిస్ నగరాధ్యక్షుడు. ఆ కాలమున నగర నిధులతో తన పక్షపు కార్యకర్తలకు బూటకపు ఉద్యోగముల పేర జీతములు ఇప్పించినారన్న ఆరోపణ ఆయనను వెన్నాడుచుండెను. పదవిలోనున్న అధ్యక్షుని విచారింపరాదని 2001లో ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పుటచే విచారణ ఆగినది. అంతేకాదు, 1991లో ఓర్లియన్ నగరమున ప్రసంగించుచు, వలస కుటుంబముల ఇండ్ల నుండి వచ్చు 'రొద, వాసన' అని ఆయన ఆడిన మాటలు ఉత్తర ఆఫ్రికా ముస్లిముల గుండెలలో ముల్లువలె నిలిచిపోయినవి.

లె పెన్ 1972లో నేషనల్ ఫ్రంట్‌ను స్థాపించినవారిలో ఒకరు. యూదులను లక్షలాదిగా బలిగొన్న నాజీల విషవాయు గదులు యుద్ధచరిత్రలో ఒక చిన్న వివరము మాత్రమేనని 1987లో పలికి, న్యాయస్థానములచే శిక్షింపబడినవాడు. ఉద్యోగములలోను, గృహవసతిలోను, ప్రభుత్వ సహాయములోను ఫ్రెంచి జాతీయులకే ప్రాధాన్యము ఇవ్వవలెననుట, మరణశిక్షను పునరుద్ధరింపవలెననుట ఆయన కార్యక్రమములోని అంశములు.

అల్జీరియా నుండియో మొరాకో నుండియో వచ్చిన కార్మికుని కుమారుడు ఒకడు ఫ్రెంచి పౌరుడై ఓటుహక్కు పొందియున్నాడనుకొందము. తన తల్లి వంటింటి వాసనను ఎగతాళి చేసినవాడు ఒకవైపు, తన కుటుంబమును రెండవ తరగతికి నెట్టజూచువాడు మరియొకవైపు! ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్న స్థితి ఇదియే కదా!

ఇట్టి సమయమున అభ్యర్థులను తూచుటకు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మా అభిప్రాయము. మొదటిది, దోషము వ్యక్తి నడవడిలో నున్నదా, లేక ఆయన అమలు చేయదలచిన విధానములోనే యున్నదా? రెండవది, ఆ కీడును తరువాత న్యాయస్థానములు, పత్రికలు, రాబోవు ఎన్నికలు సరిదిద్దగలవా? మూడవది, ఆ కీడు ఎవరి నెత్తిన పడును? నగర నిధులు దుర్వినియోగమైనచో కోర్టు విచారింపగలదు. కాని పౌరుల మధ్య జన్మనుబట్టి గీత గీయుటయే కార్యక్రమమైనచో, విచారింపవలసిన వ్యవస్థయే వంకరపోవు ప్రమాదము కలదు. "దొందూ దొందే" అనగలిగినవాడు సాధారణముగా ఆ దెబ్బ తగులనివాడే.

సోషలిస్టులు, కమ్యూనిస్టులు, గ్రీన్స్ పక్షమువారు తమ చిరకాల ప్రత్యర్థియైన షిరాక్‌కు ఓటు వేయుడని పిలుపునిచ్చినారు. మే 1న దేశమంతట పది లక్షలకు మించిన జనము వీధులలోనికి వచ్చినది. "వంచకునికి వేయుడు, ఫాసిస్టుకు వద్దు" అన్న అర్థము గల అట్టలను యువకులు పట్టుకొనినారు. మే 5న ఓటు వేసినవారు సుమారు 80 శాతము. షిరాక్‌కు 82.21 శాతము, లె పెన్‌కు 17.79 శాతము ఓట్లు వచ్చినవి. ఇది షిరాక్‌పై ప్రేమ కాదని ఆయనకును తెలియును.

కథ ఇంతటితో ముగిసినచో పాఠము తేలికయే. కాని తరువాత జరిగినదానిని దాచరాదు. వామపక్షపు ఓట్లతో గెలిచిన షిరాక్ తన పక్షపువారితోనే మంత్రివర్గమును ఏర్పరచినారు. 2003లో ఇరాక్ యుద్ధమును ఆయన ధైర్యముగా వ్యతిరేకించినారు. 2004 మార్చిలో ప్రభుత్వ పాఠశాలలలో మతచిహ్నములు ప్రస్ఫుటముగా ధరించుటను నిషేధించు చట్టము వచ్చినది. తలపై రుమాలు ధరించు ముస్లిం బాలికలే దానివలన ఎక్కువగా బాధపడినారు. 2011లో, పదవి దిగిన నాలుగేండ్లకు, పారిస్ వ్యవహారమున న్యాయస్థానము ఆయనను దోషిగా నిర్ణయించి రెండేండ్ల శిక్షను విధించి, దాని అమలును నిలిపివేసినది. వంచకుడన్న ఆరోపణ చట్టము ముందు నిలిచినది, విచారణ ఆలస్యమైనను ఆగలేదు. ఇక లె పెన్ కుమార్తె మరీన్ 2017లో 33.90 శాతము, 2022లో 41.45 శాతము ఓట్లు పొందినది. స్వల్పమైన కీడును ఎన్నుకొనుట జ్వరమును దించు మందే గాని రోగమును కుదుర్చు వైద్యము కాదని దీనివలన తేలుచున్నది.

మన దేశముతో పోల్చి చూచినచో మరికొంత స్పష్టమగును. మన రాష్ట్రపతిని ప్రజలు గాక పార్లమెంటు, శాసనసభల ఎన్నికైన సభ్యులు ఎన్నుకొందురు. వారు ఒకే పత్రముపై తమ ప్రాధాన్యతల క్రమమును గుర్తింపవచ్చును. 1969లో వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి పోటీపడినపుడు మొదటి ప్రాధాన్యతలతో ఎవరికిని మెజారిటీ రాలేదు. తరువాతి ప్రాధాన్యతలను లెక్కించిన పిదపనే గిరి గెలిచినారు. "నీకు నచ్చినవాడు లేనిచో తరువాత ఎవరు?" అన్న ప్రశ్న అచట రెండవ విడతగాను, ఇచట రెండవ అంకెగాను ఎదురగుచున్నది. సామాన్య ఎన్నికలలో మనకు 2013 నుండి 'పైవారెవరును కారు' అన్న మీట కూడ కలదు. అది నిరసనను నమోదు చేయును. కాని దానికే అధికముగా ఓట్లు పడినను, అభ్యర్థులలో ఎక్కువ ఓట్లు వచ్చినవారినే సాధారణముగా గెలిచినట్లు ప్రకటింతురు.

విద్యార్థి మిత్రులారా! మీలో పలువురు త్వరలోనే మొదటిసారి ఓటు వేయుదురు. ఓటు అభ్యర్థి శీలమునకు మనము వ్రాసి ఇచ్చు యోగ్యతాపత్రము కాదు. ఉన్నవారిలో ఎవరి చేతిలో అధికారము తక్కువ కీడు చేయునో నిర్ణయించుట మాత్రమే. అట్లు ఓటు వేసినవానికి మరునాటి నుండి ఆ ప్రభుత్వమును విమర్శించు హక్కు పోదు, పైగా ఆ బాధ్యత పెరుగును. మెల్లకు ఓటు వేయుట తప్పు కాదు. మెల్లయే చక్కని చూపని పొగడుట తప్పు. మంచి అభ్యర్థులను వెదకు పని మొదటి విడతకు ముందే, ఊరూరను ఆరంభము కావలెను. అప్పుడే మన తరువాతి వారికి గుడ్డి, మెల్లల మధ్య ఎన్నుకొనవలసిన దుస్థితి తప్పును.