బోరింగు చేయించిన ఇంజనులో కంప్రెషను హఠాత్తుగా పోతే
(సంఘ సభ్యులకు యంత్ర పాఠం)



సాయంత్రం పాలు కొలిచి కూలరులో పోశారు. అంతలో కరెంటు పోయింది. జనరేటరు ఇంజను ఈమధ్యనే బోరింగు చేయించి, కొత్త రింగులు వేయించి తెచ్చినదే గనుక ఎవరికీ బెంగ లేదు. తీరా హాండిలు తిప్పితే చేతికి బరువే తగలడం లేదు, చక్రం గిరగిరా తిరుగుతున్నది. నిన్నటి దాకా బాగా నడిచిన ఇంజనులో నేడు కంప్రెషను లేదు. ఎల్లారెడ్డిపేట పరిసరాలలోని ఏ సంఘానికైనా, సొంత చాఫ్ కట్టరు ఇంజను ఉన్న ఏ రైతుకైనా ఇటువంటి చిక్కు రావచ్చు.

పితికిన పాలు సుమారు 37 డిగ్రీల వేడితో ఉంటాయి. వాటిని త్వరగా 4 డిగ్రీలకు చల్లార్చాలి. వెచ్చని పాలలో సూక్ష్మజీవులు అరగంటకొకసారి రెట్టింపు కాగలవు. అందుకని ఇంజను సంగతి చూసే లోపల కూలరు మూత తెరవవద్దు. చల్లబడిన పాలలో వెచ్చని పాలు కలపవద్దు. కొత్తగా వచ్చిన పాలను క్యాన్లలో దగ్గరి కూలరుకు పంపండి.

కంప్రెషను అంటే ఏమిటి?

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని పదిహేను, ఇరవై వంతులలో ఒక వంతుకు నొక్కితే ఆ గాలి 500 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. అందులో పడిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. గాలి ఎక్కడినుంచైనా జారిపోతే ఆ వేడి పుట్టదు, ఇంజను అందుకోదు.

ఇక్కడ ఒక సూత్రం గుర్తుంచుకోండి. కంప్రెషను నెలల తరబడి మెల్లగా తగ్గితే అది అరుగుదల. ఒక్క రోజులో పోతే, ఎక్కడో ఒక చోట దారి తెరుచుకున్నదన్నమాట. ఆ చోటు తెలియకుండా మళ్ళీ రింగులు కొనవద్దు.

వరుసగా చేయవలసిన పరీక్షలు

మొదట డీజిల్ కట్టండి. బెల్టు, బ్యాటరీ వైరు తీయండి. ఇంజను చల్లారనివ్వండి. తిప్పేటప్పుడు లోపల ఇనుము తగిలిన చప్పుడు వస్తే అక్కడితో ఆపి మెకానిక్‌ను పిలవండి.

1. డీకంప్రెషను లీవరు: ఇది పూర్తిగా కిందికి వచ్చిందా? సగంలో ఆగితే వాల్వు తెరిచే ఉంటుంది. ఖర్చు లేని పరీక్ష గనుక ముందు ఇదే చూడాలి.

2. చెవి పరీక్ష: ఒకరు చక్రాన్ని మెల్లగా తిప్పుతుంటే మరొకరు చెవి పెట్టాలి. ఎయిర్ క్లీనరు వైపు బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వు కారుతున్నది. సైలెన్సరు వైపు వినిపిస్తే ఎగ్జాస్టు వాల్వు. ఆయిలు పోసే మూత దగ్గర గాలి తన్నితే పిస్టను, రింగులు. హెడ్డు అంచున బుస్సుమన్నా, చల్లార్చే నీళ్ళలో బుడగలు వచ్చినా గాస్కెట్ లేదా హెడ్డు పగులు.

3. టాపెట్ సందు: బోరింగుతో పాటు వాల్వులు కూడా గ్రైండింగు చేసిన ఇంజనులో ఇది ముఖ్యం. కొత్తగా అరగదీసిన వాల్వు నాలుగు రోజులు నడిచాక సీటులోకి ఇంకా కుదురుకుంటుంది. అప్పుడు టాపెట్ సందు మూసుకుపోయి, వాల్వు పూర్తిగా మూతపడదు. పిస్టనును కంప్రెషను పై కొసకు తెచ్చి పుష్ రాడ్‌ను వేళ్ళతో తిప్పి చూడండి. తిరగకపోతే సందు లేదని గుర్తు. కంపెనీ పుస్తకంలో చెప్పిన కొలతకు ఫీలర్ గేజితో సరిచేయాలి. రాడ్ వంగిందా, తన చోటు నుండి జారిందా, స్ప్రింగు విరిగిందా అన్నది కూడా అప్పుడే చూడండి. ఇన్‌లెట్ వాల్వు తెరుచుకోకపోతే లోపలికి గాలే రాదు, అప్పుడూ కంప్రెషను ఉండదు.

4. హెడ్డు నట్లు: కొత్త గాస్కెట్ కొన్ని గంటల నడకతో అణుగుతుంది. పుస్తకం ప్రకారం నట్లను మళ్ళీ బిగించి ఉండకపోతే గాలి కారుతుంది. ఎదురెదురు నట్లను వరుస మార్చి, టార్కు రెంచితో బిగించాలి. తరువాత టాపెట్ సందు మళ్ళీ చూడాలి.

5. ఆయిలు పరీక్ష: నాజిల్ తీసి ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజను ఆయిలు మాత్రమే పోయండి. ఎక్కువ పోస్తే పిస్టను దానికి తన్ని కనెక్టింగు రాడ్ వంగుతుంది. రంధ్రానికి దూరంగా నిలబడి నాలుగు చుట్లు తిప్పి, నాజిల్ బిగించి మళ్ళీ తిప్పండి. బరువు తగిలితే లోపం రింగుల దగ్గర. ఏమీ మారకపోతే వాల్వులు లేదా గాస్కెట్. ఒక్కోసారి అందుకోని ఇంజనును అదే పనిగా తిప్పడం వల్ల డీజిల్ గోడల మీది ఆయిలును కడిగేస్తుంది. అప్పుడు ఈ చెంచాడు ఆయిలుతోనే కంప్రెషను తిరిగి వచ్చి నిలుస్తుంది.

రింగులే అని తేలితే

పిస్టను తీయించేటప్పుడు పక్కన నిలబడి చూడండి. రింగు కొసల మధ్య సందు బోరులో ప్రతి అంగుళానికి అంగుళంలో వెయ్యింట నాలుగు వంతులన్నది మోటు లెక్క. 80 మిల్లీమీటర్ల బోరుకు సుమారు 0.3 మిల్లీమీటరు. సందు చాలకపోతే వేడికి కొసలు ఒకదానినొకటి తన్నుకుని రింగు విరుగుతుంది, లేదా లైనరు గీసుకుపోతుంది. గుర్తు ఉన్న రింగు ముఖం పైకి ఉందా, సందులన్నీ ఒకే గీతలో పడ్డాయా, పిన్ను లాకులు ఉన్నాయా చూడండి. లైనరు గీసుకుంటే నీళ్ళు ఆగాయా, ఆయిలు తగ్గిందా, ఎయిర్ క్లీనరులో గడ్డి దుమ్ము నిండిందా తేల్చుకోవాలి. కారణం ఉంచి రింగులు మారిస్తే అదే జబ్బు మళ్ళీ వస్తుంది.

బాగైన తరువాత

మొదటి గంటలు మధ్యరకం లోడు మీద నడపండి. పూర్తి లోడు వద్దు, లోడు లేకుండా గంటల తరబడి తిప్పడమూ వద్దు. చెప్పిన గంటలకు ఆయిలు మార్చండి. చాఫ్ కట్టరు దుమ్ము కొట్టని వైపు ఇంజనును నిలపండి. నడిచిన గంటలు, నట్లు బిగించిన తేదీ, టాపెట్ కొలత ఒక పుస్తకంలో రాసి గోడకు వేలాడదీయండి.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన ఇంజను టాపెట్ కొలత ఎంత? ఎవరికి తెలుసు?
2. బోరింగు తరువాత హెడ్డు నట్లు మళ్ళీ బిగించారా?
3. ఇంజను మొరాయించిన రాత్రి పాలు ఏ కూలరుకు, ఎవరి బండిలో పంపాలి?

మూడవ ప్రశ్నకు జవాబు కరెంటు ఉన్నప్పుడే రాసి పెట్టుకోవాలి.