పసిపిల్లల సాక్ష్యం – కోర్టు తూకం

మొన్న స్టడీ అవర్ అయ్యాక తొమ్మిదో తరగతి తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, ఇంట్లో హత్య జరిగితే, చూసింది చిన్నపిల్ల ఒక్కతే అయితే కేసు నిలుస్తుందా?" న్యాయశాస్త్రం చదువుతున్నవాడిగా నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

మన చట్టంలో సాక్షికి కనీస వయస్సంటూ లేదు. 1872 సాక్ష్య చట్టం 118వ సెక్షన్ చెప్పిందే, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 124వ సెక్షన్ కూడా చెబుతోంది. ప్రశ్న అర్థం చేసుకుని సరైన జవాబు చెప్పగలిగితే చాలు. అందుకే జడ్జి ముందుగా "ఏ బడిలో చదువుతున్నావు? అబద్ధం ఆడవచ్చా?" వంటి ప్రశ్నలు వేసి, జవాబులు రాయిస్తారు. అప్పీలు వినే జడ్జీలు పిల్ల ముఖం చూడరు, కాగితమే చూస్తారు. కాబట్టి ఆ రాత చాలా ముఖ్యం.

అసలు భయం ఏమిటంటే, పెద్దలు నూరిపోస్తారేమోనని. పిల్లలు ఎవరి పంచన పెరిగితే వారి మాటే నమ్ముతారు. అందుకని కోర్టులు జాగ్రత్తగా పరిశీలిస్తాయి. కానీ నమ్మకం కుదిరితే ఆ ఒక్క సాక్ష్యంతోనే శిక్ష వేయవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. 2003లో మధ్యప్రదేశ్‌లో ఒక ఇల్లాలు హత్యకు గురైంది. చూసింది ఏడేళ్ళ కూతురు. శవాన్ని రాత్రికి రాత్రే దహనం చేశారు. సెషన్స్ కోర్టు భర్తకు శిక్ష వేసింది. పాప వాంగ్మూలం పోలీసులు ఆలస్యంగా తీసుకున్నారన్నది ఒక కారణంగా హైకోర్టు వదిలేసింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి శిక్షను నిలబెట్టింది. ఆలస్యం ఒక్కటే పాప మాటను తోసిపుచ్చడానికి చాలదని చెప్పింది.

మరి చూసినవారే లేకపోతే? అప్పుడు పరిస్థితులే సాక్ష్యం. మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన పడాల వీరారెడ్డి కేసులో (1989) సుప్రీంకోర్టు నాలుగు పరీక్షలు చెప్పింది. ప్రతి పరిస్థితీ గట్టిగా రుజువు కావాలి. అది నిందితుడి వైపే చూపాలి. అన్నీ కలిసి తెగని గొలుసు కావాలి. మరో విధంగా అర్థం చెప్పడానికి వీలుండకూడదు. నాలుగు గోడల మధ్య జరిగింది ఇంట్లో ఉన్నవారికే తెలుస్తుంది గనుక వారు వివరణ ఇవ్వాలని 2006లో త్రిముఖ్ మారోతి కిర్కన్ కేసులో కోర్టు చెప్పింది. అయితే ముందు ప్రాసిక్యూషన్ తన వంతు రుజువు చేయాలి. మౌనం ఒక్కటే నేరం కాదు.

పాప మాట తోసేస్తే హంతకుడు తప్పించుకుంటాడు. నూరిపోసిన మాట నమ్మితే, తల్లిని పోగొట్టుకున్న పాప తప్పు చేయని తండ్రిని కూడా పోగొట్టుకుంటుంది. రెండూ అన్యాయమే.

తమ్ముళ్ళారా, మన బస్తీలో, మన ఊళ్ళో అలాంటి కష్టం వస్తే బిడ్డకు ఏమీ నేర్పవద్దు. "ఇలా చెప్పు" అనవద్దు. వెంటనే పోలీసులకు తెలియజేసి, మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం త్వరగా నమోదు చేయమని అడగండి. ఎవరూ దిద్దని మాటే ఆ బిడ్డకు బలం.