మోటారు సైకిలు గొలుసు: శుభ్రపఱచి నూనె వేయు విధము

ఎద్దుబండి తోలువాడు దూరప్రయాణమునకు ముందు ఇరుసునకు కందెన వేయుట మన పెద్దలు చూచియున్నారు. కందెన లేని ఇరుసు కీచుమని అరచును. బండివాడు వెంటనే తెలిసికొనును. మోటారు సైకిలు గొలుసు అట్టిది కాదు. అది చాలకాలము చప్పుడు లేకయే అఱిగిపోవును. చప్పుడు వినబడు నాటికి చేయదగిన సంరక్షణ కాలము దాటిపోయియుండును. మన విద్యార్థులలో ననేకులు తలిదండ్రుల బండ్లమీదనే పాఠశాలకు వచ్చుచున్నారు. కావున ఈ గొలుసును గూర్చి తెలిసికొనుట అందఱికిని ఉపయోగకరమని తలంచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

1. గొలుసు నిర్మాణము

నేడు వాడుకలోనున్న రోలరు గొలుసును 1880వ సంవత్సరమున, స్విట్జర్లాండు దేశమున పుట్టి ఇంగ్లండున స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ అను యంత్రనిపుణుడు కల్పించెను. దీని లంకె యొక్కొక్కటియు చిన్న యంత్రమే. ఇరువైపుల ఉక్కు రేకులు, వానిని కలుపు సీల, సీలచుట్టును గొట్టము, గొట్టముపైని దొర్లుచుండు రోలరు. పళ్ళచక్రముయొక్క పన్ను రోలరును తాకును. గొలుసు చక్రముపై వంగినప్పుడెల్ల సీల గొట్టములో కొంచెము తిరుగును. ఈ రెండింటి నడుమనే రాపిడి యెక్కువ. అచ్చటనే నూనె కావలెను. కాని అచ్చోటు మన కంటికి కనబడదు.

2. గొలుసు సాగుట యననేమి?

"గొలుసు సాగినది" అని లోకులందురు. నిజమునకు రేకులు రబ్బరువలె సాగవు. సీలలును గొట్టములును లోపల అఱుగుటచేత గొలుసు పొడవగును. మన దేశపు చిన్న మోటారు సైకిళ్ళకు విరివిగా వాడు 428 అను గొలుసును తీసికొందము. అందు సీలకును సీలకును నడుమ దూరము అర అంగుళము, అనగా 12.7 మిల్లీమీటర్లు. నూఱు లంకెల గొలుసు పొడవు 1270 మిల్లీమీటర్లు. ఒక్కొక్క కీలునందు మిల్లీమీటరులో పదియవ వంతు మాత్రమే అఱిగినదనుకొందము. ఒకదానిని చూచిన అది లెక్కకు రాదు. నూఱింటిని కూడిన 10 మిల్లీమీటర్లగును! అప్పుడు రోలర్లు పళ్ళ మొదట కుదురుకొనక కొనలకెక్కును. పళ్ళు కొక్కెములవలె వంకరలగును. అట్టి పళ్ళచక్రములకు క్రొత్త గొలుసు తగిలించినను అదియు త్వరలోనే చెడును. అందుచేతనే రెండు చక్రములను గొలుసును కలిపి మార్చుదురు.

దుమ్ము నూనెతో కలిసిన నల్లని ముద్ద ఉక్కును సానరాయివలె అఱగదీయును. మురికిపై మఱల నూనె పోయుట ఆ ముద్దను పెంచుటయే. కావున ముందు శుభ్రత, పిమ్మట నూనె. ఈ క్రమము తప్పరాదు.

3. ముఖ్యమైన హెచ్చరిక

ఇంజను నడుపుచు, గేరు వేసి చక్రమును త్రిప్పుచు గొలుసు తుడుచువారు కొందఱు కలరు. ఇది మిక్కిలి ప్రమాదకరము. గుడ్డ గొలుసుకు చిక్కిన క్షణములో వ్రేళ్ళు పళ్ళచక్రములోనికి లాగబడి తెగిపోవును. చేయి తీసికొనుటకు వ్యవధి యుండదు. కావున ఇంజను ఆపి, తాళముచెవి తీసి జేబులో వేసికొని, గేరును న్యూట్రలులో నుంచి, బండిని సమమైన నేలపై నడిమి స్టాండుపై నిలిపి, చక్రమును చేతితోనే త్రిప్పవలెను. త్రిప్పునప్పుడు వెనుకకు త్రిప్పుడు. అట్లు చేసినచో గొలుసు దిగువ వరుస వెనుక చక్రమునుండి వెలుపలికి వచ్చుచుండును గాని లోనికి పోదు. చక్రమునకు దూరముగా, వరుస నడుమనే గుడ్డ పట్టవలెను. పిన్నలు పెద్దలయెదుటనే ఈ పని చేయవలెను.

4. పని చేయు విధము

కావలసినవి: కొంచెము కిరసనాయిలు, మెత్తని కుంచె, పాత గుడ్డలు, 90వ నంబరు గేరు నూనె, క్రింద పఱచుటకు పాత అట్ట. గొలుసుపై మూత యున్నచో దానిని విప్పవలెను.

కుంచెను కిరసనాయిలులో ముంచి రేకుల ఇరుప్రక్కలను రోలర్లను తోమి, పొడిగుడ్డతో తుడిచి ఆఱనీయవలెను. పెట్రోలు వాడరాదు, అది తేలికగా అంటుకొనును. దీపముగాని పొయ్యిగాని దగ్గఱ నుండరాదు. కొన్ని గొలుసులలో ప్రతి సీలవద్దను రబ్బరు ఉంగరములుండి లోపలి గ్రీజును కాపాడును. పెట్రోలు ఆ రబ్బరును చెఱచును. ఇనుప కుంచె దానిని చీల్చును.

పిమ్మట నూనెను దిగువ వరుస లోపలివైపున, రేకులకును రేకులకును నడుమనుండు సందులలో బొట్టు బొట్టుగా వేయవలెను. లోపలివైపున నేల యనగా, గొలుసు చక్రముచుట్టును తిరుగునప్పుడు నూనె వెలుపలికి చిమ్మబడును; ఆ దారిలో కీళ్ళలోనికి దూఱును. చక్రమును పలుమార్లు త్రిప్పి, కొంతసేపాగి, పైనున్న నూనెను తుడిచివేయవలెను. పైనున్న నూనె దుమ్మును పిలుచునేగాని మేలు చేయదు. టైరుపైగాని బ్రేకుపైగాని ఒక్క బొట్టు పడినను పూర్తిగా తుడువవలెను. లేనిచో బండి జాఱును, బ్రేకు పట్టదు. మిగిలిన మురికి నూనెను కాలువలో పోయరాదు.

5. బిగువు

దిగువ వరుస నడుమ గొలుసును క్రిందికిని పైకిని కదలించి చూడవలెను. అనేకమైన చిన్న బండ్లకు 20 మొదలు 30 మిల్లీమీటర్ల కదలిక తగును. బండితో వచ్చిన పుస్తకములోని కొలతయే ప్రమాణము. గొలుసు అంతటను ఒకే తీరున అఱుగదు గనుక చక్రమును త్రిప్పుచు నాలుగైదు చోట్ల చూడవలెను. వదులైన గొలుసు జాఱిపడవచ్చును; మితిమీఱి బిగించినది బేరింగులను చెఱచును. క్లిప్పు లంకె గలచో, క్లిప్పుయొక్క మూసియున్న కొన గొలుసు పోవు దిక్కునకే యుండవలెను. తెఱచిన కొన ముందుండిన, ఏదేని తగిలినప్పుడు క్లిప్పు ఊడిపోవును.

సుమారు 500 కిలోమీటర్ల కొకమాఱును, వానలో గాని బురదలో గాని తిరిగిన పిమ్మటను ఈ పని చేయుట మంచిది. సముద్రతీరవాసులకు ఉప్పుగాలివలన తుప్పు త్వరగా పట్టును గనుక ఇంకను తఱచుగా చేయవలెను.

18 ఏండ్లు నిండనివారు గేర్ల బండి నడుపుటను చట్టమంగీకరింపదు. అయినను దానిని కాపాడుటకు తోడ్పడుటను ఏ చట్టమును నిషేధింపలేదు. కాలువగట్టు మీద తండ్రి, తల్లి, బిడ్డలు ఒకే బండిపై పోవుచుండగా గొలుసు తెగి వెనుక చక్రమునకు చుట్టుకొన్నచో ఏమగునో ఆలోచింపుడు. ఆ యాపదకు కారణము ఆనాటిది కాదు. ఎన్నో వారములుగా కనబడనిచోట అఱిగిన కీళ్ళే. శనివారము సాయంకాలమున అరగంట కాలము, నాలుగు గుడ్డపీలికలు, కొంచెము నూనె దీనికి చాలును. విద్యార్థులారా, ఈ శనివారమే మీ తండ్రిగారి ప్రక్కన కూర్చుండి, చక్రమును వెనుకకు త్రిప్పుచు ఒక్కొక్క లంకెను పరీక్షింపుడు.