పర్ణశాల చెప్పు గృహప్రవేశధర్మము

గృహారంభమున చూపిన శ్రద్ధను గృహసమాప్తియందు చూపువారు అరుదు. శంకుస్థాపనకు ముహూర్తము వెదకుదురు. ద్వారబంధము నిలుపునాడు గడపకు పసుపు పూసి, నవధాన్యములు వేసి, పదిమందిని పిలుతురు. పని చివరకు వచ్చుసరికి చేతిలోని ధనమును, మనస్సులోని ఓర్పును కలిసియే తరిగిపోవును. ప్రాత ఇంటిని బాగుచేయించి దానికి క్రొత్త గదులు చేర్చుకొను గృహస్థునకు ఈ కష్టము మరింత అధికము. ఒక మూల సామానులు, ఒక మూల సిమెంటు బస్తాలు. పిల్లలు, వృద్ధులు అదే ధూళిలో మెలగవలెను. ఎప్పుడు పూర్తియగునా, ఎప్పుడు పాలు పొంగింతుమా అను తొందర పుట్టును. ఆ తొందరలోనే ధర్మము జారిపోవుటకు అవకాశము కలదు.

అశ్వారావుపేట ప్రాంతమునందలి ఒక ఇంటిని ఊహింతము. 2016వ సంవత్సరమున భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడువరకు ఖమ్మం జిల్లాలో ఉండిన ఈ ఊరు ఒకవైపు అడవిని, ఒకవైపు ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకొని యున్నది. మట్టిగోడలు లేపి, వెదురు వాసములు పరచి, గడ్డి కప్పుకొనిన ఇండ్లు ఈ అడవిప్రాంతమున తరతరములనుండి కలవు. పిదప పెంకుటిండ్లు, ఆ పిదప స్లాబు ఇండ్లు వచ్చినవి. తాతగారి పెంకుటింటికి వెనుకభాగమున రెండు గదులు చేర్చిన గృహస్థు ఒకడు గృహప్రవేశమునకు దినము నిశ్చయించి శుభలేఖలు పంచెను. తాపీమేస్త్రికి, వడ్రంగికి ఇంకను బాకీ యున్నది. మిగిలిన ధనము విందుకు చాలును, లేదా ఆ బాకీకి చాలును, రెంటికిని చాలదు. ఏది ముందు? బంధువులలో పరువా, పనివారి కూలియా? ఈ ప్రశ్నకు సమాధానము శ్రీమద్రామాయణమున అరణ్యకాండమునందే కలదు.

లక్ష్మణస్వామి కట్టిన ఇల్లు

పంచవటికి చేరిన పిదప శ్రీరామచంద్రుడు తమ్మునితో, మన మువ్వురకును హితమైన చోటు చూడుమని పలికెను. లక్ష్మణుడు చేతులు జోడించి, తాను నూరేండ్లయినను అన్నగారికి పరతంత్రుడననియు, స్థలమును ప్రభువే ఎన్నుకొని "ఇచట కట్టుము" అని తనను ఆజ్ఞాపింపవలెననియు విన్నవించెను. పూర్వాచార్యులు ఈ మాటయందు శేషత్వమును దర్శించి పరవశించిరి. యామునాచార్యులు స్తోత్రరత్నమున ఆదిశేషుని భగవంతునకు నివాసముగను, శయ్యగను, ఆసనముగను వర్ణించిరి. స్వయముగా స్వామికి ఇల్లయినవాడే ఇచట స్వామికి ఇల్లు కట్టుచున్నాడు!

రాముడు గోదావరికి సమీపమున పూచిన చెట్లు గల సమతలమును చూపెను. లక్ష్మణుడు నేల చదును చేసెను. మట్టిని గట్టిపరచి గోడలు లేపెను. దృఢమైన స్తంభములు నిలిపెను. పొడవైన వెదుళ్ళు పరచి, జమ్మికొమ్మలు వేసి త్రాళ్ళతో బిగించెను. దర్భ, రెల్లు మున్నగు గడ్డితోను ఆకులతోను కప్పెను. ఈ వర్ణనము చదివిన మన్యపు గృహస్థునకు అది తన తాతగారి ఇల్లువలెనే తోచును. భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెం మండలమునందలి పర్ణశాలయే ఆ చోటని ఈ ప్రాంతపు భక్తజనుల విశ్వాసము. నేటికిని యాత్రికులు భద్రాద్రిరాముని సేవించి అచటికి పోవుచుందురు.

ఇల్లు పూర్తియైనది. వెంటనే లక్ష్మణుడు అన్నగారిని పిలువలేదు. గోదావరికి పోయి స్నానము చేసెను. పద్మములు, ఫలములు తెచ్చెను. యథావిధిగా పుష్పబలి సమర్పించి శాంతి చేసెను. ఆ పిదపనే ఆశ్రమమును రామునకు చూపెను. చిత్రకూటమునందు శ్రీరాముడు తానే వాస్తుశాంతి జరిపి పర్ణశాల ప్రవేశించెను. పదునాలుగేండ్ల వనవాసములో ఆకుల గుడిసెకు సైతము శాంతి విడువని ప్రభువు మనకు ఆదర్శము.

తరువాత జరిగినది మరింత గమనింపదగినది. సీతాసహితుడై రాముడు ఆ ఇంటిని చూచి సంతోషించి, తమ్ముని గాఢముగా కౌగిలించుకొనెను. ఈ మహాకార్యమునకు నీకు ఈయవలసిన బహుమానముగా ఈ ఆలింగనమును ఇచ్చితినని పలికెను. తన భావము ఎరిగి, ధర్మము తెలిసి నడచు నీవుండగా మన తండ్రి గతించినట్లు తోచుటలేదనియు చెప్పెను. అప్పుడు ఆ ప్రభువు చేతిలో రాజ్యము లేదు, ధనము లేదు. అయినను కట్టినవానికి ఈయవలసినది కలదని మరువలేదు. ఆ ఇంటి ముంగిటనే ఇచ్చివేసెను. కట్టినవాడు తమ్ముడే గదా యని ఊరకుండలేదు. ఇంక పరులచేత కట్టించుకొను మనమాట చెప్పనేల?

ప్రవేశయోగ్యమైన ఇల్లు

తలుపులు లేని ఇల్లు, కప్పు లేని ఇల్లు, బలియు భోజనమును జరుగని ఇల్లు ప్రవేశింపదగదని వాస్తుశాస్త్రము తెలిసినవారు చెప్పుదురు. తలుపు రక్షణకు, కప్పు ఎండవానల నివారణకు. ఈ రెంటి ప్రయోజనము స్పష్టమే. మూడవది ఏల? ఇల్లు కట్టుటలో భూమిని త్రవ్వుదుము, చెట్లను కొట్టుదుము, పుట్టలను చెరతుము. ఎన్నో ప్రాణులు తమ ఇండ్లు కోల్పోయిన పిదప మన ఇల్లు లేచినది. ఆ అపరాధమును ఒప్పుకొని క్షమాపణము వేడుటయే వాస్తుబలి. భోజనమనగా ఆ ఇంట మొదటి అన్నము ఇతరుల నోటికి పోవుట. మన సంప్రదాయమున దీనినే తదీయారాధనమందుము. క్రొత్త గదిలో ముందుగా పెరుమాళ్ళను వేంచేపుచేసి, తిరువారాధనము, శాత్తుమొర జరిపి, తళిగ సమర్పించి, భాగవతులకు ప్రసాదము పెట్టిన పిదప ఇంటివారు స్వీకరింతురు. ఇందలి పరమార్థము పంక్తుల సంఖ్యయందు లేదు. నలుగురు భాగవతులకు భక్తితో పెట్టిన పులిహోరయు తదీయారాధనమే.

మరమ్మతు చేసిన ఇంటికి ముహూర్తము

శాస్త్రకారులు గృహప్రవేశమును మూడు విధములుగా చెప్పిరి. క్రొత్తగా కట్టిన ఇంటిని తొలిసారి ప్రవేశించుట అపూర్వము. యాత్ర ముగించి తన ఇంటికి మరలుట సపూర్వము. అగ్ని జలాదులవలన చెడి, మరల బాగుచేయబడిన ఇంటిని ప్రవేశించుట ద్వంద్వము. 2024 జూలైలో అశ్వారావుపేట మండలమునందలి గుమ్మడవల్లి వద్ద పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగి దిగువ గ్రామములను నీరు ముంచెత్తినది. అట్టి ఆపద పిదప గోడలు మరల లేపుకొనినవారి ప్రవేశము ఈ మూడవ విధమునకు చెందును.

క్రొత్త ఇంటికి ఉత్తరాయణమునందలి మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠమాసములు ప్రశస్తములు. జీర్ణమై బాగుచేసుకొనిన ఇంటికిని, అగ్ని మొదలగువానివలన చెడి మరల కట్టిన ఇంటికిని శ్రావణ, కార్తిక, మార్గశిరమాసములు కూడ శుభములే యనియు, గురుశుక్రుల అస్తమయవిచారము అంతగా అవసరము లేదనియు 1600 ప్రాంతమున కాశిలో రామదైవజ్ఞుడు రచించిన ముహూర్తచింతామణి చెప్పుచున్నది. శాస్త్రము దయ గలది. ఇల్లు చెడినవానిని అది నెలల తరబడి బయట నిలుపదు. పని పూర్తికాకున్న ముహూర్తము దాటిపోవునని భయపడవలసిన పనియు లేదు; మరియొక మాసమున మరియొక ముహూర్తము కలదు. తడి ఆరని గోడకు రంగు వేయించి, నీళ్ళు పట్టవలసిన గచ్చును ఎండబెట్టి, తొందరపడి చేసిన ప్రవేశమువలన ఇల్లు బలహీనమగుటయే గాని శుభము అధికము కాదు.

స్వామియు వేచియుండెను

ఇల్లు బాగగువరకు ఒక చిన్నగదిలో ఇమిడియుండుట కష్టమని విసుగుకొనువారు ఆలయములను చూడవలెను. ఆలయమునకు జీర్ణోద్ధారణము జరుగునపుడు స్వామిశక్తిని ఆవాహనము చేసి చిన్న బాలాలయమున వేంచేపు చేయుదురు. తిరుమలలో పండ్రెండేండ్లకొకమారు జరుగు అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణము 2018 ఆగస్టులో జరిగినది. యాదగిరిగుట్ట శ్రీలక్ష్మీనరసింహస్వామి ఆలయ పునర్నిర్మాణమునకై 2016లో ఏర్పడిన బాలాలయమునందే భక్తులు ఏండ్ల తరబడి స్వామిని సేవించిరి; 2022 మార్చి 28న మహాకుంభసంప్రోక్షణము జరిగి మూలవరుల దర్శనము లభించెను. సర్వలోకములు తన ఇల్లయిన స్వామి పని పూర్తియగువరకు చిన్న ఇంట వేచియుండెను. గృహస్థు ఒక మాసము వేచియుండలేడా?

మరియొక సంగతి. ప్రతిష్ఠావిధిలో శిల్పి తన పని ముగించిన పిదప అతనిని వస్త్రధనాదులతో సంతోషపెట్టి పంపుదురు. ఆ పిదపనే ఆచార్యుని కార్యము. అనగా చేతితో చేసినవాని సంతృప్తి మంత్రముతో చేయువాని కార్యమునకు ముందుమెట్టు.

భద్రాద్రి చెల్లుచీటి

ఇండ్ల బాకీ మాట వచ్చినపుడు భద్రాద్రిని తలపకుండుట ఎట్లు? నేలకొండపల్లిలో జన్మించి, పాల్వంచ పరగణాకు తహసీల్దారైన కంచెర్ల గోపన్న శ్రీరామునకు ఇల్లు కట్టెను. దానికి సర్కారు శిస్తు ధనమును వినియోగించెనని గోల్కొండ కోటలో బంధింపబడెను. అప్పటి పాదుషా అబుల్ హసన్ తానాషా. ఆయన 1672 మొదలు 1687 వరకు ఏలెను. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో రాత్రివేళ తానాషా వద్దకు పోయి, ఆరు లక్షల మాడలు చెల్లించి, రసీదు పుచ్చుకొని చెరసాలలోని రామదాసు చెంత ఉంచిరని సంప్రదాయగాథ.

ఈ గాథను స్వామి కరుణకు నిదర్శనముగా అందరును పాడుకొందురు. అందులో దాగిన ధర్మసూక్ష్మము కూడ గ్రహింపదగినది. సర్వేశ్వరుడు పాదుషా మనస్సు మార్చి బాకీని మాఫీ చేయించుట కష్టమా? అట్లు చేయలేదు. లెక్క ప్రకారము మొత్తము చెల్లించెను. చెల్లించినట్లు చీటి పుచ్చుకొనెను. తన ఇంటిపై ఒకరికి ఈయవలసినది మిగిలియుండుట రామునకు సమ్మతము కాలేదు. ఆ ఇంటి నిర్మాణము ముగిసినది గోపురము లేచిననాడు కాదు. ఆ రసీదు వ్రాసిన రాత్రి.

సమాధానము

కనుక మన గృహస్థు చేయవలసినది స్పష్టము. మొదట మేస్త్రికి, వడ్రంగికి, మట్టి మోసిన కూలీలకు లెక్క చూచి చెల్లింపవలెను. క్రొత్త కప్పు చూరునీరు పొరుగువాని గోడపై పడకుండ, మురుగునీరు వీధిలో నిలువకుండ దారి చేయవలెను. పొరుగువానిని ఏడ్పించిన ఇంట శాంతిహోమము ఫలింపదు. ఇంటిలోని వృద్ధులకు గడప ఎత్తుగాకుండ, మెట్టు జారకుండ చూడవలెను. పిదప శక్తికొలది వాస్తుశాంతి, తిరువారాధనము. మిగిలినదానితోనే విందు. పంచిన శుభలేఖలకు వెరువవలదు. బంధువులకు తీర్థప్రసాదములు మాత్రమే ఈయగలిగినను కొరత లేదు. విస్తళ్ళు తగ్గినందుకు ఒకరిద్దరు ఏమైన అందురేమో. ఆ మాట వారమునకు మరుగునపడును. ఈయని కూలి మాత్రము గోడ నిలిచినన్నాళ్ళు గోడలో నుండును.

ఆ కొద్దిపాటి పంక్తిలో ఆ మేస్త్రిని, ఆ వడ్రంగిని క్రొత్తబట్టలిచ్చి ముందుగా కూర్చుండబెట్టవలెను. లక్ష్మణుని కౌగిలించుకొనిన ప్రభువునకు అంతకన్న ప్రీతికరమైన సత్కారము వేరొకటి లేదు. ఇట్లు ఎవరికిని బాకీపడని ఇంటి గడప దాటి వచ్చుటకు సీతాలక్ష్మణసమేతుడైన భద్రాద్రిరాముడు సదా సిద్ధముగనే యుండును. ఆ స్వామి ప్రతి గృహమునందును నివసించి భక్తులను కాపాడుగాక!