దేవవల్లభము – పొన్న



బాల్యమున అమరకోశమును వల్లించునపుడు, వనౌషధివర్గములో పున్నాగమునకు 'దేవవల్లభ'మను పర్యాయము కంఠస్థము చేసితిని. చెట్టును మాత్రము ఎరుగనైతిని. యౌవనమున మైపాడునకు సముద్రస్నానమునకేగి, ఒక చెట్టునీడన కూర్చుండి దాని పేరడిగితిని. "పొన్నచెట్టు గదా స్వామీ! మీ పుస్తకాల్లో లేదా?" అని ఒక జాలరి వృద్ధుడు నవ్వెను. సిగ్గుపడితిని.

పొన్న ఆకు దళసరిది, నునుపైనది. నడిమి ఈనె నుండి సన్నని ఈనెలు దగ్గరదగ్గరగా, సమాంతరముగా సాగును. తెల్లని పరిమళపుష్పముల నడుమ పసుపువన్నె కేసరములు గుంపుగా నుండును. ఉప్పుగాలికి వెరవక ఇసుకనేలలో పెరుగును. గుండ్రని కాయలు నీటిపై తేలి, కెరటములతో దూరతీరములు చేరి మొలకెత్తును. గబ్బిలములును వానిని మోసికొనిపోవును. గింజలనూనె దీపములకు వాడుదురు. అది భోజ్యము కాదు. కలప పడవలకు పనికివచ్చును.

కొన్ని వైష్ణవాలయములలో శ్రీకృష్ణుని పొన్నవాహనముపై ఊరేగింతురు. ఆ వాహనమునకు మ్రొక్కెడి మనము, తీరమున సజీవముగా నిలిచిన పొన్నను గుర్తింపకుండుట తగునా? యాత్రికులు కొమ్మ విరువక, పిల్లలకు చెట్టును చూపి పేరు చెప్పుడు. స్థలము గల దాతలు ఒక గింజ నాటుడు. పెంకును కొంచెము పగులనిచ్చి నాటిన త్వరగా మొలచును. పేరు నేర్చినవాడు చెట్టును చూచిననాడే చదువు పూర్తియగును.