విదేశీ స్కాలర్‌షిప్: పదో తరగతిలోనే మొదలయ్యే పని

విదేశాల్లో చదువు అనగానే మన ఇళ్ళలో మొదట వచ్చే ప్రశ్న "ఎంత ఖర్చవుతుంది?" రెండోది "అప్పు ఎవరిస్తారు?" స్కాలర్‌షిప్ అన్న మాట మూడో ప్రశ్నగా కూడా రాదు. అది ఎక్కడో మహా మేధావులకు దక్కేదన్న అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది. వడ్డీతో కూడిన అప్పు వద్దనుకునే కుటుంబాల్లో అయితే ఆ రెండో ప్రశ్న దగ్గరే పిల్లల చదువు ఆగిపోతుంది. ఈ వ్యాసం అటువంటి ఇళ్ళలోని విద్యార్థుల కోసం, ముఖ్యంగా వారి తల్లిదండ్రుల కోసం.

స్కాలర్‌షిప్ మీద విదేశాలకు వెళ్ళడం ఈ గడ్డకు కొత్త కాదు. 1895లో హైదరాబాద్ నుంచి పదహారేళ్ళ సరోజిని (తరువాతి కాలపు సరోజినీ నాయుడు) నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండు వెళ్ళి, లండన్ కింగ్స్ కాలేజీలోనూ కేంబ్రిడ్జిలోని గర్టన్ కాలేజీలోనూ చదివారు. ఆడపిల్లను అంత దూరం ఎలా పంపుతామని నేడు అడిగే తండ్రులు ఆ సంవత్సరాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న రజియుద్దీన్ సిద్దిఖీ స్కాలర్‌షిప్‌తో కేంబ్రిడ్జి వెళ్ళి, అక్కడి నుంచి జర్మనీ చేరి లైప్‌జిగ్‌లో హైసెన్‌బర్గ్ దగ్గర డాక్టరేటు పొందారు. ఉర్దూ మీడియం, తెలుగు మీడియం అని తమను తామే తక్కువ చేసుకునే పిల్లలకు నేను తరచూ చెప్పే ఉదాహరణ ఇది.

ఇంకొక ఉదాహరణ డాక్టర్ అంబేద్కర్‌ది. బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళకు ఇచ్చిన సహాయంతో ఆయన 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. చదువు ముగిశాక బరోడా సంస్థానంలో పదేళ్ళు కొలువు చేయాలన్నది ఒప్పందం. స్కాలర్‌షిప్ గడువు తీరిపోవడంతో 1917లో లండన్ చదువును సగంలో వదిలి తిరిగి రావలసి వచ్చింది. 1920లో సొంత పొదుపుకు అప్పులు జోడించి మళ్ళీ వెళ్ళి ఆ చదువు పూర్తి చేశారు. ఆయన పట్టుదల గురించి అందరూ చెబుతారు. నేను మాత్రం ఆ ఒప్పందం వైపు విద్యార్థుల దృష్టిని మళ్ళిస్తాను. ప్రతి స్కాలర్‌షిప్ వెనుక ఒక షరతుల కాగితం ఉంటుంది. ఎంత డబ్బు, ఎన్ని నెలలు, ఏ ఖర్చులకు, చదివాక ఏం చేయాలి అన్న నాలుగు విషయాలు అందులో రాసి ఉంటాయి. మనవాళ్ళు డబ్బు ఎంతో చూసి, మిగతా మూడూ వదిలేస్తారు.

ఇప్పటికీ అంతే. బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌లో ఏడాది మాస్టర్స్ చదువుకు ఫీజు, నెలవారీ భత్యం, ప్రయాణ ఖర్చులు వస్తాయి. కానీ కనీసం 2,800 గంటల ఉద్యోగానుభవం ముందే ఉండాలి. చదువయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి. అమెరికాకు పంపే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు మూడేళ్ళ అనుభవం అడుగుతారు. దానికిచ్చే జె-1 వీసాలోనూ రెండేళ్ళు తిరిగివచ్చి ఉండాలన్న నిబంధన ఉంది. అమెరికాలో స్థిరపడాలన్న కోరికతో వెళ్ళేవారికి అది సరిపోదు. డిగ్రీ కాగానే వెళ్ళదలచినవారికి ఐరోపా సమాఖ్య నడిపే ఎరాస్మస్ ముండస్ మేలని నా అభిప్రాయం. రెండు మూడు దేశాల విశ్వవిద్యాలయాల్లో చదివిస్తారు, ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. పోటీ గట్టిదే, కాని ఉద్యోగానుభవం తప్పనిసరి కాని కోర్సులు అందులో అనేకం. జపాన్ ప్రభుత్వపు మెక్స్‌ట్ స్కాలర్‌షిప్‌ను మన జిల్లాల్లో అడిగేవారే కనిపించరు. టర్కీ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లో మొదటి ఏడాది భాష నేర్పి, హాస్టల్ వసతి, ఆరోగ్య బీమా కూడా ఇస్తారు. అన్నిటి నిబంధనలూ ఏటా కొద్దిగా మారతాయి. అందుచేత ఆయా సంస్థల అధికారిక ప్రకటనే చదవాలి తప్ప, పోయినేడు వెళ్ళిన పక్కింటి అబ్బాయి మాట మీద ఆధారపడరాదు.

ఇవి పూర్తి స్కాలర్‌షిప్‌లు. స్కాలర్‌షిప్ అన్న పేరుతోనే తిరిగే మరొకటి ఉంది. "మీవాడికి ఐదు వేల డాలర్ల స్కాలర్‌షిప్ వచ్చింది" అని ఏజెంటు మిఠాయి పెట్టెతో ఇంటికి వస్తాడు. ఫీజు ఏడాదికి 30,000 డాలర్లు అనుకోండి. అందులో 5,000 అంటే ఆరో వంతు. పండుగకు బట్టల దుకాణంవారు ఇచ్చే డిస్కౌంటుకూ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించదు. బస, భోజనం, బీమాలకు మరో 15,000 వేసుకుంటే ఇంటి నుంచి ఏడాదికి 40,000 డాలర్లు వెళ్ళాలి. కాబట్టి తల్లిదండ్రులు "ఎంత వచ్చింది?" అని కాక "మేమెంత కట్టాలి?" అని అడగాలి. ఆ జవాబు కాగితం మీద రాయించుకోవాలి.

ప్రభుత్వ పథకాలది ఇంకొక తీరు. తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం 2015 నుంచి ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షలు మించని వారికి 20 లక్షల వరకు ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో విదేశీ విద్య పథకం పేరూ నిబంధనలూ ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చాయి. విద్యా రుణంపై వడ్డీ రాయితీ ఇచ్చే పఢో పర్‌దేశ్ పథకాన్ని కేంద్రం 2022-23 నుంచి నిలిపివేసింది. పాత కరపత్రం చూసి దాన్ని లెక్కలో వేసుకోకండి. తెలంగాణ పథకంలో గ్రహించవలసిన విషయం ఒకటుంది. సొమ్ము రెండు విడతల్లో వస్తుంది. మొదటిది విద్యార్థి ఆ దేశంలో అడుగుపెట్టి ఆధారాలు పంపాక, రెండోది మొదటి సెమిస్టరు ఫలితాలు చూపాక. అంటే తొలి ఫీజు, టికెట్టు, వీసాకు బ్యాంకులో చూపవలసిన నిల్వ ముందుగా ఇంటివారే సమకూర్చుకోవాలి. స్కాలర్‌షిప్ వస్తుందని నమ్మి, చేతిలో ఏమీ లేకుండా బయలుదేరితే విడుదలలో ఆలస్యమైన ప్రతి నెలా అక్కడ అద్దె కట్టలేని నెల అవుతుంది. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదని సంతోషించే ముందు కూడా ఇది చూడాలి. స్కాలర్‌షిప్ లేని విద్యార్థి ఏడాది జీవనానికి సరిపడా సొమ్మును బ్లాక్డ్ అకౌంటులో ముందే జమ చేయాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు.

ఇక మన పిల్లల విషయంలో నన్ను ఎక్కువగా బాధించేది మార్కులు కాదు, పేరు.

పదో తరగతి నామినల్ రోల్ రాసేటప్పుడు "షేక్" అన్నది ఎస్.కె. అవుతుంది. "మహమ్మద్" ఎం.డి. అవుతుంది. "సయ్యద్" ఎస్.డి. అవుతుంది. ఇంటర్‌లో మరో గుమాస్తా పూర్తిగా రాస్తాడు. ఆధార్ కేంద్రంలో ఇంటిపేరు చివరికి వెళుతుంది. ఇంగ్లీషులో "షేక్" చివర ఒకచోట కె, ఇంకొకచోట కె హెచ్. "ఖాజా" స్పెల్లింగు తండ్రి రేషను కార్డులో ఒకటి, కొడుకు మెమోలో మరొకటి. ఊళ్ళో ఇవన్నీ ఒకే మనిషి అని అందరికీ తెలుసు. విదేశీ విశ్వవిద్యాలయంలో కాగితాలు చూసే ఉద్యోగికి మాత్రం వీరు ముగ్గురు నలుగురు వేర్వేరు వ్యక్తులు.

నాకు తెలిసిన ఒక విద్యార్థినికి ఇదే జరిగింది. డిగ్రీలో కాలేజీ ఫస్టు. అడ్మిషనూ వచ్చింది, పూర్తి స్కాలర్‌షిప్పూ వచ్చింది. పదో తరగతి మెమోలో ఎస్.కె., డిగ్రీలో షేక్, పాస్‌పోర్టులో ఆ మాటే లేదు. అఫిడవిట్లు, పత్రికా ప్రకటన, మళ్ళీ పాస్‌పోర్టు, మళ్ళీ వీసా తేదీ అంటూ వారాలు గడిచాయి. చేరవలసిన చివరి తేదీ దాటిపోయింది. మరుసటి ఏడాదికి స్కాలర్‌షిప్‌ను మార్చడం కుదరదని ఆ సంస్థ జవాబిచ్చింది. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతోంది. పాఠం చెప్పడం చిన్న పని అని నేనెన్నడూ అనను, కాని ఆమె కోరుకున్నది అది కాదు.

అందువల్ల తొమ్మిదో తరగతి చివర్లోనే తల్లిదండ్రులు బడికి వచ్చి, పిల్లల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పొడి అక్షరాలు లేకుండా ఎలా రాయాలో క్లాసు టీచరుకు రాసి ఇవ్వాలి. ఆధార్‌ను దానికి తగ్గట్టు సరిచేయించాలి. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరు, ఇచ్చిన పేరు అని రెండు గడులుంటాయి. రెండూ నింపాలి. ఒకే గడిలో మొత్తం పేరు పెట్టి రెండోది ఖాళీగా వదిలితే అమెరికా వీసాలో ముందు పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యు" అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. ఆ మూడక్షరాలనే పేరనుకొని బ్యాంకు కార్డు మీద ముద్రించిన సందర్భాలున్నాయి. "అబ్దుల్ రహమాన్" వంటి పేర్లను రెండు గడుల మధ్య విడగొట్టకండి. లేకపోతే అక్కడివారు "మిస్టర్ అబ్దుల్" అని ఉత్తరం రాస్తారు. అది సగం పేరేనని మన అబ్బాయి వెళ్ళిన ప్రతిచోటా అరబ్బీ వ్యాకరణ పాఠం చెప్పుకోవలసి వస్తుంది.

దరఖాస్తుకు కాలం లెక్క వేసుకుందాం. వచ్చే సెప్టెంబరులో చేరాలంటే ఈ ఏడాది జూన్ నుంచే పని మొదలుపెట్టాలి. ఐఎల్టీఎస్ పరీక్షకు పదిహేను వేలకు పైనే అవుతుంది, స్కోరు రెండేళ్ళే చెల్లుతుంది. కనుక తొందరపడి ముందే రాయడం దండగ, చివరి నెల దాకా ఆగడం ప్రమాదం. విశ్వవిద్యాలయం నుంచి ట్రాన్‌స్క్రిప్టులు రావడానికి వారాలు పట్టవచ్చు. జర్మనీకైతే మన సర్టిఫికెట్లను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ పత్రం 2022 నవంబరు నుంచి వీసాకు అవసరమైంది. పెద్ద స్కాలర్‌షిప్‌లకు గడువులు ఆగస్టు, జనవరి మధ్య ఎక్కువగా ముగుస్తాయి. అడ్మిషన్ వచ్చాక స్కాలర్‌షిప్ చూద్దాంలే అనుకునేవారికి అప్పటికే తలుపులు మూసుకుపోయి ఉంటాయి.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అనే వ్యాసాన్ని మనవాళ్ళు కన్సల్టెన్సీలో కొనుక్కుంటున్నారు. "చిన్ననాటి నుంచీ నాకు కంప్యూటర్లంటే ప్రాణం" అని మొదలయ్యేవి నేను ఎన్ని చూశానో లెక్క లేదు. చదివేవారికి అందులో విద్యార్థి కనిపించడు. నా సలహా, ముందు తెలుగులోనో ఉర్దూలోనో రాయండి. నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల పళ్ళు గారపట్టిన మనుషుల మధ్య పెరిగిన విద్యార్థి నీటి శుద్ధి చదవాలనుకుంటే, ఆ ఊరి బోరు నీళ్ళ గురించి రాయాలి. ఏం చూశావు, డిగ్రీలో దాని మీద ఏం చేశావు, ఈ కోర్సులోని ఏ పాఠం నీకు కావాలి, తిరిగి వచ్చి ఎక్కడ వాడతావు అన్నవి రాస్తే చాలు. తరువాత ఇంగ్లీషులో పెట్టుకొని, ఇంగ్లీషు తెలిసిన ఇద్దరిచేత దిద్దించుకోండి. పేదరికం గురించి రెండు వాక్యాలు చాలు. దయ కోసం కాదు, ఎంపిక కోసం రాస్తున్నామని మరువరాదు.

సిఫారసు లేఖల విషయంలో అధ్యాపక మిత్రులకు ఒక మనవి. "నువ్వే రాసుకురా, సంతకం పెడతాను" అనడం మన కాలేజీల్లో మామూలైపోయింది. ఒకే విద్యార్థి రాసిన మూడు లేఖలు ఒకే గొంతుతో వెళ్ళి చేటు చేస్తాయి. లేఖను అధ్యాపకులే తమ కాలేజీ ఈమెయిలు నుంచి నేరుగా పంపాలి. విద్యార్థి కూడా గడువుకు నెల ముందే తన ప్రాజెక్టు వివరాలతో వారిని కలవాలి.

ఇంత చేసి వెళ్ళాక అక్కడ ఎదురయ్యే మొదటి దెబ్బ చలి కాదు, అసైన్‌మెంటు. పుస్తకంలోని వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు రాస్తే ఇక్కడ మార్కులు వేస్తాం, అక్కడ దొంగతనం అంటారు. ఎవరి మాట తీసుకున్నా వారి పేరు చెప్పాలి. ఆ తప్పు రుజువైతే స్కాలర్‌షిప్ పోవచ్చు, సీటే పోవచ్చు. మార్కులు ఒక స్థాయి కంటే తగ్గకూడదన్న షరతు కూడా చాలావాటిలో ఉంటుంది. అర్థం కానప్పుడు ప్రొఫెసర్ ఆఫీసు వేళల్లో వెళ్ళి అడగడం అక్కడ అమర్యాద కాదు, అడగకపోవడమే వింతగా చూస్తారు.

పార్ట్‌టైం పని మీద ఆశలు పెట్టుకోకండి. అమెరికాలో ఎఫ్-1 వీసాపై చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే వారానికి 20 గంటలు మించకూడదు. బ్రిటన్‌లో డిగ్రీ విద్యార్థికి సాధారణంగా వారానికి 20 గంటలు. జర్మనీలో 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు. కొన్ని స్కాలర్‌షిప్‌లు దానికి కూడా అనుమతి అడుగుతాయి.

తిండి, నమాజు గురించి తల్లులు నన్ను ఎక్కువగా అడుగుతారు. పెద్ద విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ప్రార్థన గది ఉంటుంది, ముస్లిం విద్యార్థుల సంఘం ఉంటుంది. హలాల్ మాంసం ఎక్కడ దొరుకుతుందో వారే చెబుతారు. అన్నం, పప్పు, కోడిగుడ్డు కూర వండడం వచ్చిన పిల్లవాడికి భోజనం సమస్య కాదు. మన మగపిల్లలకు అది కూడా నేర్పం, అది వేరే సంగతి. ఈద్ రోజు పరీక్ష పడే అవకాశం ఉంటే సెమిస్టరు మొదట్లోనే రాతపూర్వకంగా అడగాలి, ముందురోజు కాదు. 2030 నాటికి రంజాన్ జనవరి, డిసెంబరు నెలల్లోకి వస్తుంది. ఐరోపాలో అప్పుడు పగలు చిన్నదే కాని, చాలాచోట్ల పరీక్షల కాలమూ అదే.

బయలుదేరే వారంలో చేయవలసిన పని మరొకటి మిగిలి ఉంటుంది. ప్రభుత్వ స్కాలర్‌షిప్ రెండో విడత కోసం ఇక్కడి కార్యాలయంలో ఎవరో ఒకరు తిరగాలి. తండ్రి పేరునో అన్న పేరునో అధికార పత్రం రాసి, సంతకం చేసి, దరఖాస్తు నంబరు, అడ్మిషన్ లేఖ, పాస్‌పోర్టు, బ్యాంకు పుస్తకం నకళ్ళతో కలిపి ఒక ఫైలు ఇంట్లో పెట్టి వెళ్ళండి. అక్కడ దిగిన వారంలోనే పాస్‌పోర్టు మీది ప్రవేశ ముద్ర, విశ్వవిద్యాలయంలో చేరినట్టు పత్రం స్కాన్ చేసి పంపండి. మొదటి సెమిస్టరు మార్కులు వచ్చిన రోజే అవీ పంపండి.