ఏథెన్సు నగరపు గాలి: కొండలు, సముద్రము, ఋతువులు

గ్రీసు దేశపు రాజధానియగు ఏథెన్సు ఒక లోతైన పళ్ళెములో అమర్చినట్లుండును. పడమట ఏగాలియో, ఉత్తరమున పార్నీథా, ఈశాన్యమున పెంతెలీ, తూర్పున హిమెత్తుస్ అను కొండలు దానిని చుట్టియున్నవి. వీనిలో మిక్కిలి ఎత్తైన పార్నీథా 1,413 మీటర్లు. నైఋతి దిక్కున మాత్రము పళ్ళెపుటంచు తెగి, నేల సముద్రములోనికి వాలియున్నది. ఈ నడుమ ముప్పది లక్షలకు మించిన జనము, వారి వాహనములు, పొయ్యిలు, పిరేయస్ ఓడరేవు కలవు. పొగను పుట్టించువారు మనుష్యులే. కాని పుట్టిన పొగ వెంటనే తొలగిపోవునో, రెండు మూడు దినములు తిష్ఠవేయునో నిర్ణయించునవి కొండలును ఋతువులును. ఉబ్బసపు రోగి ఏ వేళ బయట తిరుగవచ్చునన్న ప్రశ్నకు సమాధానము ఇందే యున్నది.

ముందుగా చలికాలమును చూతము. సాధారణముగా నేలనుండి పైకి పోయినకొలది గాలి చల్లనగును. వెచ్చని పొగ పైకెగసి చెదరిపోవును. మబ్బును గాలియును లేని చలిరాత్రులందు ఈ క్రమము తలక్రిందులగును. నేల త్వరగా చల్లారును. కొండవాలులందలి చల్లగాలి బరువెక్కి పల్లమునకు జారును. వెచ్చని గాలి దానిపై మూతవలె నిలుచును. దీనినే ఉష్ణోగ్రతా విలోమమందురు. పుష్యమాసపు వేకువన మన పల్లెలలో వంటపొగ పైకి పోక, ఇండ్లపై దుప్పటివలె పరచుకొనుట చూచినవారికి దీనిని వేరుగా వివరింపనక్కరలేదు.

ఏథెన్సులో ఈ మూత క్రిందికి కొత్తగా పొగ చేరిన సందర్భమొకటి కలదు. ఆర్థిక సంక్షోభపు దినములలో, 2012వ సంవత్సరమున, ఇండ్లను వెచ్చజేయు నూనెపై ప్రభుత్వము పన్ను పెంచెను. నూనె కొనలేని కుటుంబములు కట్టెలు కాల్చసాగెను. కొందరు రంగు వేసిన పాత చెక్కసామానును సైతము కాల్చిరి. రాత్రివేళ సూక్ష్మధూళి విపరీతముగా పెరిగెను. ఈ ధూళికణములలో మిక్కిలి చిన్నవి తలవెండ్రుక మందములో ముప్పదవ వంతుకూడ ఉండవు. అవి ఊపిరితిత్తుల లోతులకు చేరి, గుండెకును కీడు చేయును. 2013 డిసెంబరులో, పొగ హద్దుమీరిన దినములందు పేద కుటుంబములకు ఉచితముగా విద్యుత్తు నిచ్చెదమని ప్రభుత్వము ప్రకటింపవలసి వచ్చెను. నూనె ధరకును శ్వాసరోగమునకును ఇంత దగ్గర చుట్టరికమున్నదని పన్ను వేసినవారు తలచియుండరేమో!

వసంతమున పొగకంటె ఇసుక ముఖ్యము. దక్షిణపు గాలులు సహారా ఎడారి ధూళిని మధ్యధరా సముద్రము దాటించి తెచ్చును. 2024 ఏప్రిల్ 23వ తేదీన నగరముపై ఆకాశము నారింజరంగు దాల్చెను. అట్టి దినములందు మోటారు బండ్లన్నియు నిలిపినను ధూళి తగ్గదు.

వేసవి సంగతి వేరు, ఇదియే తరచుగా జనులను మోసగించునది. జూలై, ఆగస్టు మాసములలో ఉత్తరమునుండి వీచు ఎటీసియన్ గాలులు పళ్ళెమును ఊడ్చివేయును. ఏటేట తప్పక వచ్చునవి గనుక ప్రాచీన గ్రీకులు వానికాపేరు పెట్టిరి. అవి వీచునన్నాళ్ళు మేలే. అవి ఆగిన దినమున సముద్రపు గాలి మధ్యాహ్నమున నైఋతినుండి బయలుదేరి, ఉదయమున వాహనములు వదలిన వాయువులను ఉత్తరపు కొండలవైపు నెట్టును. దారిలో తీవ్రమైన ఎండ తగిలి ఆ వాయువులనుండి ఓజోను పుట్టును. ఎత్తున ఆకాశములో మనలను కాపాడు ఓజోనే నేలమీద గొంతును, ఊపిరిగొట్టములను మండించును. అందువలన రద్దీ వీథులకంటె, చెట్లు గల ఉత్తరపు శివారులందే ఓజోను హెచ్చుగా నుండుట కలదు. ఆకాశము నిర్మలముగా కన్పట్టినను గాలి మంచిదని నమ్మరాదు.

నగరముపై గోధుమరంగున వ్రేలాడు మాలిన్యమును ఏథెన్సువారు ‘నెఫోస్’, అనగా మేఘము, అని పిలిచిరి. ఆమ్లపు గాలి పాలరాతిని తినివేయుచుండగా 1979లో అక్రోపొలిస్‌పైగల కన్యాశిల్పములను మ్యూజియములోనికి తరలించిరి. 1982లో సరి, బేసి సంఖ్యల వాహనములు నగరమధ్యమునకు దినము విడిచి దినము రావలెనని నియమించిరి. కొందరు రెండవ కారు కొని ఆ నియమమును దాటిరి. 1987 జూలైలో గాలి స్తంభించి, ఉష్ణోగ్రత 40 డిగ్రీలు మించినప్పుడు వెయ్యికి పైగా మరణించిరి. ప్రధాన కారణము వేడియే. మలినమైన గాలి ఆ వేడికి తోడై హాని పెంచెనని పరిశోధకులు భావించిరి. మృతులలో వృద్ధులు హెచ్చు.

కనుక ఉబ్బసము, గుండెజబ్బు గలవారు అక్కడ చలికాలమున సాయంకాలపు నడక మాని, మధ్యాహ్నమున విలోమము విడిన పిమ్మట తిరుగుటయు, కిటికీలు ఆ వేళనే తెరచుటయు మేలు. వేసవిలో దీనికి విరుద్ధముగా ఉదయమే మంచి వేళ. ధూళిని ఆపు ముఖవస్త్రము ఓజోనును ఆపజాలదు. అప్పుడు నీడపట్టున, చల్లని గదిలో నుండుటయే రక్షణ. చలికి మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిదురించుట ఏ దేశమునందైనను ప్రాణాపాయకరము, ఏలయన దానినుండి వచ్చు కార్బన్ మోనాక్సైడు వాయువునకు వాసన లేదు.